బొంబాయి తెలుగువారి ఆంగ్లవాక్యము: విశేషణాన్వయమును గూర్చిన చారిత్రక పరిశీలనము

బొంబాయి నగరమందలి తెలుగువారి చరిత్రను వ్రాసినవారు మనవారు కట్టిన కట్టడములను గూర్చియు, నడపిన మగ్గములను గూర్చియు, నెలకొల్పిన సంఘములను గూర్చియు వ్రాసియున్నారు. మనవారు వ్రాసిన, వ్రాయించుకొనిన అర్జీలను గూర్చి వ్రాసినవారు అరుదు. అర్జీ చరిత్రకు పనికివచ్చు వస్తువా యని కొందరు శంకింపవచ్చును. కాని ఊరు విడిచి వచ్చిన శ్రామికునకు సెలవు, జీతము, తల దాచుకొను గది, వీని విషయమంతయు తరచుగా ఇంగ్లీషు కాగితము మీదనే తేలెడిది. ఆ కాగితమున ఒక మాట తన చోటు తప్పినను, తనకొక కర్తను వెదకికొనలేక వ్రేలాడినను, నష్టము వ్యాకరణమునకు కాదు, మనుష్యునకే కలిగెడిది. ఇంగ్లీషు వ్యాకర్తలు ఈ రెండు దోషములను చోటు తప్పిన విశేషణమనియు, వ్రేలాడు విశేషణమనియు వ్యవహరింతురు. ఇవి మన వ్రాతలో ఎట్లు పుట్టినవి, వీనిని గుర్తించుటకును దిద్దుటకును మనయొద్ద ఏ సాధనము కలదు అను విషయము ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది.

ముందుగా స్థలమును గూర్చి కొంత చెప్పవలెను. కామాటిపుర పేరే మనవారి పనిని చెప్పుచున్నది. నైజాము రాజ్యమునుండి వచ్చి నగరనిర్మాణమున మట్టిపని, రాతిపని, తాపీపని చేసిన తెలుగువారిని ఇచట కామాటీలనిరి. 1780లలో మహాలక్ష్మికిని వర్లికిని నడుమ హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట పూర్తియై, సముద్రపు పోటు ఆగి, లోపలి పల్లపునేలలు ఆరిన పిదప ఆ ప్రాంతమున నివాసములు పెరిగెను. 19వ శతాబ్దమున కామాటీలలో కొందరు గుత్తేదారులై ధనమును, పలుకుబడిని సంపాదించిరి. జాయా కరాడీ లింగూ, వ్యంకూ బాళాజీ కాళేవార్ వంటివారు జ్యోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిరి. ఆ ఫూలే 1882లో హంటర్ విద్యాసంఘమునకు సమర్పించిన విజ్ఞాపనము ఇంగ్లీషులో నున్నది. పల్లెటూరి బడిని గూర్చిన మొర సయితము దొరభాషలో వినిపింపవలసిన కాలమది.

వర్లి కథ వేరు. 1920 దశకమున బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కట్టించిన 207 చాళ్లలో 121 వర్లిలోనివి. ఒక్కొక్క చాల్‌లో 80 గదులు. గదికి 160 చదరపు అడుగులు. ఆ చాళ్లలోను, చుట్టుపట్ల వీథులలోను కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండియు, షోలాపురమునుండియు వచ్చిన పద్మశాలీలు బట్టల మిల్లులలో పనికై చేరి కాపురముండిరి. నగరపాలకమువారు వారి పిల్లలకు తెలుగు మాధ్యమమున బడులు నడపిరి. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, మిల్లు కార్యాలయమున ఇంగ్లీషు. ఇదియే ఆనాటి వ్యవహారము. ఇంటిలో నలుగురు పెద్దలున్నను ఇంగ్లీషు అర్జీ వ్రాయవలసినవాడు బడికి పోవు పిల్లవాడే.

అట్టి పిల్లవాండ్రలో నేనొకడను. 1970 దశకపు తొలి సంవత్సరములలో మా ప్రక్కగదిలో ఒక నేతగాడుండెడివాడు. మేమాయనను పెద్దబాపు అనెడివారము. ఆయన మిల్లులో బదిలీ కార్మికుడు. అనగా ప్రతిదినము గేటు దగ్గరకు పోయి, రానివాని స్థానమున పని దొరకునేమో చూచుకొనవలసినవాడు. ఒకసారి మూడు దినములు జ్వరముతో పండుకొనెను. నాలుగవనాడు పోగా జాబరు పేరు వ్రాసికొనలేదు. ఆ సాయంకాలము నన్ను పిలిచి, “జ్వరమొచ్చి మూడొద్దులు పన్లకు పోలే. జ్వరమొచ్చిందని జాబరు నా పేరు రాసుకోలే. గంతే రాయి బిడ్డా” అనెను. నేను ఆ మాటలను కుదించి, తొమ్మిదవ తరగతి పాండిత్యమంతయు చూపి, “సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్, ది జాబర్ డిడ్ నాట్ రైట్ మై నేమ్” అని వ్రాసితిని. మరునాడు కార్యాలయపు గుమాస్తా ఆ కాగితమును చదివి, జాబరునకు జ్వరము తగ్గిన పిదప రమ్మని నవ్వుచు తిరిగి ఇచ్చెనట. ఆ నవ్వు ఖరీదు ఒక దినపు కూలి. పెద్దబాపు నన్ను కోపపడలేదు. “జ్వరము నాకు గాదట, జాబరుకట గద బిడ్డా” అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్నకు ఆనాడు నాకు సమాధానము తెలియలేదు.

పిమ్మట తెలిసినదేమనగా, నేను ఇంగ్లీషు రాక మాత్రమే తప్పలేదు. తెలుగు బాగుగా వచ్చుటచే తప్పితిని. చిన్నయసూరి 1858లో వెలువడిన తన బాలవ్యాకరణమున ‘వచ్చి’, ‘చేసి’ వంటి రూపములను క్త్వార్థకములనియు, ‘వచ్చుచు’, ‘చేయుచు’ వంటివానిని శత్రర్థకములనియు వ్యవహరించెను. క్త్వార్థకమను పేరు సంస్కృత వ్యాకరణమునుండి వచ్చినది. పాణిని అష్టాధ్యాయి 3-4-21 సూత్రమున, రెండు క్రియలకు కర్త యొక్కడే యైనప్పుడు ముందు జరిగిన క్రియకు క్త్వా ప్రత్యయము వచ్చునని విధించెను. స్నానము చేసి భుజించెను అన్నప్పుడు స్నానము చేసినవాడును భుజించినవాడును ఒక్కడే. ఇంగ్లీషువారు ఎంతో కాలమునకు చెప్పిన నియమము సారాంశమున ఇదియే: వాక్యము మొదట వ్రేలాడు క్రియాజన్య విశేషణమునకు తరువాత వచ్చు ప్రధానవాక్యపు కర్తయే కర్త కావలెను.

అయితే తెలుగు ఈ నియమమును పాటించుచునే ఒక కిటికీ తెరచి ఉంచినది. “వర్షము కురిసి పంటలు పండినవి” అని ఎల్లరును అందురు. కురిసినది వర్షము, పండినవి పంటలు, కర్తలు వేరు. ఐనను మొదటి పని రెండవదానికి కారణమగుటచే తెలుగు చెవికి వెరపు లేదు. “జ్వరమొచ్చి పన్లకు పోలే” అనునదియు ఈ జాతిదే. వచ్చినది జ్వరము, పోనివాడు మనుష్యుడు. కార్యకారణసంబంధము లేనిచోట మాత్రము మన చెవి ఒప్పదు. “నేను బడికి పోయి గంట కొట్టిరి” అన్నచో చిన్నపిల్లవాడును నవ్వును. కర్తలు వేరైనప్పుడు మన భాషలో మరియొక రూపమున్నది: “నేను బడికి పోగా గంట కొట్టిరి”. ‘పోయి’, ‘పోగా’ అను రెండును రెండు వేర్వేరు పనిముట్లు. సంస్కృతమున దీనికి సాటి సతిసప్తమి.

ఇచటనే చిక్కు. తెలుగువాడు ఇంగ్లీషులోనికి దిగునప్పుడు ‘వచ్చి’యు, ‘రాగా’యు, ‘వచ్చుచు’ను, ‘వచ్చుటచే’యు ఒక్క ‘ఇంగ్’ అను తోకలోనికే పోవుచున్నవి. నాలుగు గదుల సామాను ఒక్క గదిలో కుక్కినట్లగును. తెలుగులో ప్రత్యయము చేయు పనిని ఇంగ్లీషులో పదముల వరుస చేయవలెను. నేను వ్రాసిన వాక్యమున జ్వరపీడితుడైన ‘నేను’ ఎచటను కర్తగా లేడు. ‘మై’ అను షష్ఠిలో దాగియున్నాడు. ఇంగ్లీషు చదువరి కామా దాటగానే మొదట కనబడిన నామమునకు జ్వరమును అంటగట్టును. కనబడినవాడు జాబరు.

ఈ నియమమును ఇంగ్లీషువారు అనాదిగా పాటించినారనుకొనుట పొరపాటు. షేక్స్‌పియరు హామ్లెట్ నాటకము మొదటి అంకమున, చనిపోయిన రాజు భూతమై వచ్చి, తోటలో నిద్రించుచుండగా తనను పాము కరచినదని లోకమునకు చెప్పిరనును. ఆ మాటలను అన్వయించి చూచినచో నిద్రించినది పామే యగును! నాలుగువందల యేండ్లుగా ప్రేక్షకులు రాజునే నిద్రపుచ్చి, పామును మేలుకొలిపి విన్నారు. 18వ శతాబ్దమున, భాషకు చట్టములు చేయు కోరిక పెరిగిన దినములలో, ఎడిన్‌బరో ఆచార్యుడు హ్యూ బ్లెయిర్ 1783లో ప్రకటించిన ఉపన్యాసములలో, సంబంధము గల పదములను సాధ్యమైనంత దగ్గరగా ఉంచవలెనని బోధించెను. 1795లో వెలువడిన లిండ్లే మరే వ్యాకరణము ఇట్టి బోధలను బడులకు చేర్చెను. ఫౌలర్ సోదరులు 1906లో తమ గ్రంథమున ఆధారము లేని క్రియాజన్య విశేషణములను ప్రత్యేకించి మందలించిరి. అనగా మన చాళ్ల పిల్లలు నేర్చిన నియమమునకు ఇంగ్లండులో వయస్సు ఆనాటికి సుమారు రెండు శతాబ్దములే.

ఆ నియమము మనయింటికి వచ్చిన త్రోవ బొంబాయి మీదుగానే వచ్చినది. పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ 1903లో భారత విద్యాసేవలో చేరి బొంబాయి రాజధానిలో పనిచేసిన ఉద్యోగి. 1924లో ‘బో జెస్ట్’ అను నవల వ్రాసి లోకప్రసిద్ధుడయ్యెను. మార్టిన్‌తో కలిసి ఆయన వ్రాసిన ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు వ్యాకరణము 1935 నాటిది. దానిని నవలకంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది భారతీయులు చదివియుందురని నా నమ్మకము. అందు ఈ దోషమునకు ఉదాహరణముగా ఒక తేలు గేటు దగ్గర నిలుచుండును. చదివినవారికి సూత్రము మరపునకు వచ్చినను ఆ తేలు మరపునకు రాదు. డెన్మార్కు తోటలోని పామునకు ఈ తేలు చుట్టమేమో యని నాకు తోచుచుండును. మా బడిలోను ఆ తేలును చూపిరి, మేమును నవ్వితిమి. కాని తేలు ఎందుకు అచటికి వచ్చినదో, తెలుగు వాక్యమునందలి ఏ కిటికీగుండ దూరినదో ఎవరును చెప్పలేదు. చెప్పియున్నచో పెద్దబాపునకు ఒక దినపు కూలి దక్కియుండెడిది.

చెప్పుటకు కావలసిన సామగ్రి అదే నగరమున అచ్చుపడి సిద్ధముగా నుండెను. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును యశ్వంత వాసుదేవ అథల్యే పరిష్కరింపగా, మహాదేవ రాజారామ బోడస్ పీఠికతోను, ఇంగ్లీషు అనువాదముతోను 1897లో బొంబాయి సంస్కృత గ్రంథమాలలో అది ప్రకటితమైనది. అందు వాక్యార్థజ్ఞానమునకు మూడు హేతువులు చెప్పబడినవి: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదము మరియొక పదము లేక అర్థమును ముగింపలేకుండుట ఆకాంక్ష. అర్థమునకు బాధ లేకుండుట యోగ్యత. నిప్పుతో తడుపుమన్నచో యోగ్యత లేదు. పదములను ఎడము లేక పలుకుట సన్నిధి. జామునకొక మాట చొప్పున పలికినచో వాక్యము కాదు. అన్నంభట్టు సన్నిధి అనగా ఉద్దేశించినది ముఖ్యముగా కాలపు ఎడము. దానిని కాగితము మీది దూరమునకు అన్వయించుట నా సాహసము. ఐనను బ్లెయిరు బోధించినది సన్నిధి కాక మరేమి?

చోటు తప్పిన విశేషణము సన్నిధిలోపము. “వాంటెడ్ ఎ రూమ్ ఫర్ ఎ ఫ్యామిలీ విత్ టూ విండోస్” అను ప్రకటనలో రెండు కిటికీలు కుటుంబమునకు అమరినవి. దిద్దుటకు క్రొత్త పదమేదియు అక్కరలేదు; ‘విత్ టూ విండోస్’ అనుదానిని ఎత్తి ‘రూమ్’ ప్రక్కన పెట్టిన చాలును. మన ఆలంకారికులు అస్థానస్థపదమనియు, దూరాన్వయమనియు చెప్పిన కావ్యదోషముల కోవలోనిదే ఇది. వ్రేలాడు విశేషణమట్లు కాదు. అది ఆకాంక్షాలోపము: విశేషణము కర్తను కోరుచున్నది, కర్త వాక్యమున లేడు. లేనివానిని ఎచటికి జరిపిన వచ్చును? కావున అచట పదములను జరుపుట వ్యర్థము. కర్తను తెచ్చి కూర్చుండబెట్టవలెను. ఈ భేదము తెలియని ఉపాధ్యాయుడు రెండు రోగములకు ఒకే మందు నిచ్చును.

ఇక యోగ్యత మాట. పాము నిద్రించుచు కరవజాలదు గనుక వినువాడు తానే సర్దుకొనును. అచట యోగ్యత మనలను కాపాడినది. జాబరు మనుష్యుడు, మనుష్యునకు జ్వరము రావచ్చును. అచట యోగ్యత కాపాడలేదు. నవ్వు పుట్టించు దోషము కంటె, నవ్వు పుట్టింపక తప్పుడర్థమును నమ్మించు దోషమే ప్రమాదకరము. బడి పుస్తకములు నవ్వు పుట్టించువానినే ఏరి చూపును.

దిద్దిన అర్జీని గూర్చి చెప్పి ముందునకు సాగుదును. మా మాస్టారు నా వాక్యమును చూచి, జ్వరమెవరికని అడిగి, నేను చెప్పగా, ఆ చెప్పినదే వ్రాయుమనిరి: “ఐ వాజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్, అండ్ సో ది జాబర్ డిడ్ నాట్ రైట్ మై నేమ్.” కర్తలిద్దరైనప్పుడు రెండు వాక్యములను నిలువబెట్టుట సులభోపాయము. ‘రాగా’ అను అర్థమే కావలెనన్నచో కర్తను విశేషణమునకు ముందే నిలుపవచ్చును: “మై మదర్ హావింగ్ డైడ్, ఐ వెంట్ టు మై విలేజ్.” ఇది ఇంగ్లీషువారి సతిసప్తమి, వ్యాకరణమునకు శుద్ధమే గాని నేడు కొంత పాతవాసన కొట్టును. ‘కన్సిడరింగ్’, ‘రిగార్డింగ్’ వంటి మాటలు కర్త లేకయే చెల్లుబాటగుచున్నవి. అవి వాడుకచే విభక్తులవంటివైనవి.

‘ఓన్లీ’ అను చిన్నమాట విషయమున తెలుగువాడు అదృష్టవంతుడు. ‘గుమాస్తాయే’, ‘నేతగాండ్రకే’, ‘శనివారమే’ అని మన ఏకారము తాను పట్టవలసిన పదమును పట్టుకొని వదలదు. ఇంగ్లీషున “ది క్లర్క్ ఓన్లీ గేవ్ పాసెస్ టు వీవర్స్ ఆన్ సాటర్‌డే” అన్నచో, ఒక్క గుమాస్తాయే ఇచ్చెనా, పాసులు మాత్రమే ఇచ్చెనా, నేతగాండ్రకే ఇచ్చెనా, శనివారముననే ఇచ్చెనా తెలియదు. వ్రాయువాడు మొదట తన భావమున ఏకారము ఎచట నున్నదో చూచుకొని, ‘ఓన్లీ’ని ఆ పదమునకు ముందు పెట్టవలెను.

ఇంత చెప్పి తెలుగు నిర్దోషమనుట పక్షపాతమగును. “నిన్న వచ్చిన మామగారి ఉత్తరము” అన్నప్పుడు వచ్చినది ఉత్తరమా, మామగారా? మన విశేషణము ఎల్లప్పుడును విశేష్యమునకు ముందే యుండును గాని, ముందున్న విశేషణమునకు ఎదుట షష్ఠితో ఒక నామమును, దాని వెనుక మరియొక నామమును ఉన్నచో ఏది దాని విశేష్యమో వరుస చెప్పజాలదు. “మామగారి నుండి నిన్న వచ్చిన ఉత్తరము” అని చోటు మార్చవలసినదే.

సరిగా ఇట్టి షష్ఠియే కామాటిపుర గదుల పాలిట ఒక పెద్ద ప్రశ్న యైనది. 1947 నాటి బొంబాయి అద్దెల నియంత్రణ చట్టము 5వ సెక్షను 11వ క్లాజున, కౌలుదారుడు చనిపోయినచో అతని హక్కు ఎవరికి సంక్రమించునో చెప్పబడినది. అతని మరణకాలమున అతనితో నివసించుచున్న కుటుంబసభ్యునకు అని దాని సారము. వర్లి బీడీడీ చాళ్లు ప్రభుత్వమువి గనుక వానికి ఆ చట్టము వర్తింపలేదు. ప్రైవేటు యజమానుల చాళ్లకే వర్తించినది. ఆంగ్లమూలమున నివాసమును తెలుపు క్రియాజన్య విశేషణము ‘సభ్యుడు’ అను పదమును కాక, ‘కౌలుదారుని కుటుంబము’ అను పదములను ఆనుకొని యున్నది. నివసించుచుండవలసినది సభ్యుడా, కుటుంబమా?

ఈ ప్రశ్న పండితుల వినోదము కాదు. మనవారి స్థితిని తలచుకొనుడు. తాపీమేస్త్రీ గదిలో నుండును; భార్యాబిడ్డలు కరీంనగరము పల్లెలో నుందురు; తోడుగా అన్నకొడుకు వచ్చి ఆ గదిలోనే పండుకొని పనికి పోవుచుండును. మేస్త్రీ చనిపోయినచో గది ఎవరిది? విశేషణమును కుటుంబమునకు అంటగట్టినచో, ఊరిలోనున్న కుటుంబము ‘నివసించుచున్న’ది కాదు గనుక ఎవరికిని హక్కు లేదని యజమాని వాదింపవచ్చును. సభ్యునకు అన్వయించినచో అన్నకొడుకునకు వాదము నిలుచును. అతడు ‘కుటుంబము’న చేరునా యను మరియొక ప్రశ్న మిగులును. న్యాయస్థానములు సభ్యుని నివాసమునే చూచినవి. దినవారములకు వచ్చినవానికిని, ఏండ్లతరబడి ఆ గదిలో నివసించినవానికిని గల భేదము ఆ అన్వయముననే యున్నది.

అదే క్లాజు చివర మరియొక దూరాన్వయమున్నది. పలువురు హక్కుదారులుండి ఒప్పందము కుదరనిచో కోర్టు నిర్ణయించునని భావము. ఆంగ్లపాఠమున ‘కోర్టుచేత’ అను మాటలు ‘నిర్ణయింపబడు’ అనుదానికి దూరమై, ‘ఒప్పందము’ అను పదము వెంటనే పడినవి. కోర్టు చేసికొను ఒప్పందమా యని కొత్తవాడు తడబడును. యోగ్యతయే ఇచట దిక్కు: కోర్టు తీర్పు చెప్పును గాని కక్షిదారులతో ఒప్పందము చేసికొనదు.

ఆ చట్టమునకు బదులుగా 1999లో మహారాష్ట్ర అద్దెల నియంత్రణ చట్టము చేయబడి, 2000 మార్చి 31 నుండి అమలునకు వచ్చినది. దాని 7వ సెక్షనున ఈ విషయమే మరల వ్రాయబడినది. ఈసారి వ్రేలాడు క్రియాజన్య విశేషణమును తీసివేసి, ‘సభ్యుడు’ అను పదము వెనుక ‘హూ’ అను సంబంధ సర్వనామమును నిలిపి, ఏకవచనక్రియను చేర్చిరి. నివసించువాడు సభ్యుడేయని కంటికి కనబడుచున్నది. ‘ఒప్పందము లేనిచో’ అను మాటలకు ఇరుప్రక్కల కామాలు చేరి, ‘కోర్టుచేత’ అనునది తన క్రియను తిరిగి కలిసికొనినది. తెలుగున ఈ క్లాజును వ్రాయవలసినచో, “కౌలుదారుడు చనిపోవునాటికి అతనితో కూడ నివసించుచుండిన అతని కుటుంబసభ్యుడు, అట్టివారు పలువురై వారిలో ఒడంబడిక కుదరనిచో కోర్టు నిర్ణయించిన సభ్యుడు” అని వ్రాయుదును. ఇందును ‘అతనితో’, ‘అతని’ అను సర్వనామములు రెండును కౌలుదారునే సూచించునని చదువరి గ్రహింపవలసి యున్నది.